గులాబీ నెత్తురు

మహాయుద్ధాలు ఎక్కడ మొదలయ్యాయని అడిగితే చరిత్రకారులు సరిహద్దుల పేర్లు చెబుతారు, సింహాసనాల పేర్లు చెబుతారు, మరీ మొహమాటపెడితే ఎవరో ఒక రాణిగారి నవ్వు దాకా వెళ్తారు. ఇక్కడ చెప్పబోయే యుద్ధం మాత్రం ఒక పడకగదిలో, కిటికీకీ బీరువాకీ మధ్యనున్న మూరెడు గోడ మీద మొదలైంది. ఆ గోడ మీద ప్రతి ఉదయం ఒక మనిషి ఒక దోమను చంపేవాడు. దోమను చంపడంలో విశేషం లేదు. చెయ్యి ఉన్న ప్రతివాడూ చేసే పనే అది. అయితే మిగతావాళ్లు చంపి, చెయ్యి దులుపుకుని, మొహం కడుక్కోవడానికి పోతారు. ఈయన పోడు. అరచేతిని గోడ మీంచి జాగ్రత్తగా తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు సున్నానికి ఆనేంత దగ్గరగా వెళ్లి, ఆ మరకను శాసనం చదివినట్టు చదివేవాడు. నడిమధ్య ముద్ద ఎంత, అంచున పలచన ఎంత, రెక్క ఎటు పడింది, చుక్క ఎంత దూరం చిమ్మింది. రాజ్యాలు కూలిన చోట కూడా ఇంత శ్రద్ధగా శవపరీక్ష జరిగి ఉండదు.

“అది నా నెత్తురేనండీ,” అనేది మంచం మీంచి భార్య, మోచెయ్యి గోక్కుంటూ. “రాత్రంతా నన్నే కుట్టింది. మెచ్చుకోవడం అయిపోతే కాస్త తుడవండి.”

“తుడవకు. మధ్యాహ్నానికి ఏ రంగులోకి తిరుగుతుందో చూడాలి.”

“మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉంటారు.”

“నువ్వు భోజనానికి వస్తావుగా. చూసి ఫోన్ చెయ్యి.”

ఆవిడ ఫోన్ చేసేది, చూసేది మాత్రం కాదు. గోడ వైపు తల తిప్పకుండానే “ఇటుక రంగు” అనేది. ఎప్పుడూ అదే మాట, ఎప్పుడూ అది నిజమే. ఎందుకంటే ఆవిడ పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. పొద్దుట తలుపు తీసింది మొదలు మధ్యాహ్నం దాకా వరసగా చేతులు చాపించి, రబ్బరు పట్టీ బిగించి, సూది గుచ్చి, గొట్టాలు నింపడం ఆవిడ ఉద్యోగం. ఆ ఇంట్లో రెండు జీతాలూ నెత్తుటి మీదే నడిచేవి. ఆవిడ నిజం నెత్తురు తీసేది, ఈయన అబద్ధం నెత్తురు పోసేవాడు. సాయంత్రానికి ఎక్కువ అలిసిపోయినట్టు కనబడేది ఈయనే.

ఈయన్ని ఆఫీసులో నెత్తురు మాస్టారు అనేవారు. ఆఫీసంటే టైర్ల షాపు పైన రెండు గదులు, ఒక హాలు. కింద టైర్లకి గాలి కొడుతుంటే పైన కంప్యూటర్ల ముందు జనం తలలు నరుకుతుండేవారు. ఫోన్లో ఆడుకునే ఒక యుద్ధం ఆటని అక్కడ తయారుచేస్తున్నారు. దాని పేరు ‘గండ్రగొడ్డలి’. కథ పెద్దగా లేదు. ఒక కోట ఉంటుంది, మీ చేతిలో గొడ్డలి ఉంటుంది, కోటలో ఉన్నవాళ్లందరికీ మెడలుంటాయి.

ఆ ఆఫీసులో మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు మొదటి జీతంతోనే రద్దయిపోయేది. చెట్లు వేసేవావిడ చెట్లక్క, కోటగోడలు వేసేవాడు గోడలాయన. టీ వేళ జరిగే సంభాషణ బయటివాళ్లెవరైనా వింటే పోలీసులకి కబురు పెట్టేవారు.

“మాస్టారూ, ఆ లావాటివాడి మెడ ఇంకొంచెం ఏటవాలుగా తెగితే బాగుంటుందేమో?” అనేవాడు గోడలాయన, బిస్కెట్ టీలో ముంచుతూ.

“ఏటవాలుగా తెగితే చిమ్మేది నీ గోడ మీదికే. పర్లేదా?”

“వామ్మో. నా రాళ్లు పాడుచెయ్యకండి. తిన్నగానే నరకండి.”

ఈ మృదుసంభాషణల మధ్య మాస్టారు తన నెత్తుటిని సానబెట్టుకుంటూ పోయాడు. ఆయన ఆశయం చిన్నది కాదు. ఆటల్లో నెత్తురంతా ఒకటే ఎరుపు, డబ్బాలోంచి ఒలికిన పెయింటులా ఉంటుందని ఆయన బాధ. తన నెత్తుటిలో ప్రతి చుక్కా విడిగా ఎగరాలి, విడిగా పడాలి, విడిగా ఆరాలి. గొడ్డలి దిగిన క్షణంలో మెరవాలి, రాతి మీద పడ్డాక చిక్కబడాలి, శత్రువు చచ్చి కాసేపయ్యాక ఇటుకరంగులోకి తిరగాలి. దీన్ని పూర్తిచేసి ప్రపంచానికి ఒక్కసారి చూపించాలన్నదే ఆయన జీవితాశయం. చాలామందికి ఇల్లు కట్టుకోవాలని ఉంటుంది. ఈయనకి ఇది.

దీనికి వెనక ఒక పాపభారం ఉందని ఆయన నమ్మకం. వెనకటికి ఆయన బడిపుస్తకాలకి బొమ్మలు వేసేవాడు. మనిషి లోపల నెత్తురు తిరిగే బొమ్మలో పుస్తకాలవాళ్లు సగం నాళాలు ఎరుపు, సగం నీలం వెయ్యమనేవారు, తేడా తెలియడం కోసం. వేశాడు. ఫలితంగా ఒక తరం తరమంతా తమ ఒంట్లో సగం నీలంగా ఉంటుందని నమ్ముతూ పెరిగింది. వాళ్లలో కొందరు పెద్దయి ఆయన భార్య ల్యాబ్‌కి వచ్చేవారు. గొట్టంలోకి దిగుతున్న నల్లటి ఎరుపు చూసి “ఇంత నల్లగా ఉందేంటమ్మా, నాకేమైనా రోగమా?” అని వణికేవారు.

“మొదట ఏది చూపిస్తే అదే నెత్తురనుకుంటారు జనం,” అనేది ఆవిడ సాయంత్రం, చేతులు కడుక్కుంటూ. “ఆ తరవాత ఒంట్లోది తీసి చూపించినా నమ్మరు.”

ఈ మాట మాస్టారు ఎన్నోసార్లు విన్నాడు. విని తలూపాడు. తలూపడం వేరు, తలకెక్కడం వేరు.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఉన్న ఒక ఆచారం గురించి చెప్పాలి, ఎందుకంటే రాబోయే కొట్లాటలన్నిటికీ మూలం అదే. ఇంకా పూర్తికాని పని ఏదైనా సరే, దానికి తాత్కాలికంగా ఒక దరిద్రపు గులాబీరంగు పూసి పెట్టేవారు. కన్ను మండేంత గులాబీ. ఎందుకంటే, పని సగంలో ఉందని అందరికీ గుర్తుండాలి, మర్చిపోయి అలాగే బయటికి పంపెయ్యకూడదు. చెట్లక్క వేయని చెట్లు గులాబీ, గోడలాయన పేర్చని గోడలు గులాబీ. ఒక్కొక్కటే పూర్తవుతుంటే గులాబీ తగ్గుతూ వచ్చింది. చివరికి కోట బూడిదరంగులో, అడవి ఆకుపచ్చగా, కత్తులు ఉక్కురంగులో తేలాయి. నెత్తురొక్కటే గులాబీగా మిగిలింది.

“మాస్టారూ, నెత్తురు ఎప్పుడిస్తారు?” అని అడిగేది మేడమ్. ఆఫీసు ఆవిడదే. గొంతు పెంచకుండా మనిషిని కుర్చీలో కుంచించుకుపోయేలా చెయ్యగల మహాతల్లి.

“అయిపోయింది మేడమ్. ఆరడం ఒక్కటే కుదరట్లేదు.”

“మీ దగ్గరున్నది నా ఫోన్లో వేసి చూశాను. బాగుంది. కాకపోతే ఫోన్ కాస్త వెచ్చబడుతోంది.”

“యుద్ధం కదా మేడమ్. వెచ్చగానే ఉంటుంది.”

మేడమ్ ఆ జవాబుని కాసేపు పరీక్షించి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే మాస్టారు తన బామ్మర్దిని ఆ ఆఫీసులో పెట్టించాడు. భార్యకి తమ్ముడు. అప్పటిదాకా పరుపుల షాపులో పనిచేసి, పడుకోవాలని లేనివాడిని కూడా పడుకోబెట్టి పరుపు కొనిపించినవాడు. ప్రచారం పని ఇచ్చారు. వచ్చిన వారానికే, ఆటకి ఒక టీజర్ వదిలితే జనంలో ఊపొస్తుందని మేడమ్‌ని ఒప్పించాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని హాల్లో ఉన్న కంప్యూటర్‌లో ఆట తెరిచి, తనే ఆడి, తనే వీడియో తీసి, తనే ఒక డప్పుల సంగీతం తగిలించి, భోజనాల వేళకి లోకం మీదికి వదిలేశాడు.

మాస్టారు దాన్ని లోకంతో పాటే చూశాడు. సేనాధిపతి మెడ మీద గొడ్డలి పడింది. తల గాల్లోకి లేచింది. మెడలోంచి గులాబీరంగు ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది. ఐస్‌క్రీమ్ బండిని లారీ గుద్దినట్టుంది. కోటగోడ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి గులాబీ ముద్దలు జారుతుంటే, డప్పుల మోత మధ్య ‘త్వరలో’ అన్న అక్షరాలు పడ్డాయి.

“ఒరేయ్, ఇదేంట్రా?”

“టీజర్ బావా. అదిరింది కదూ?”

“ఆ రంగేంట్రా?”

“నెత్తురు.”

“నెత్తురు గులాబీరంగులో ఉంటుందా?”

“నాకేం తెలుసు బావా? నెత్తురు నీ డిపార్ట్‌మెంటు. నువ్వు వేశావు కాబట్టి ఏదో కళే అయ్యుంటుంది, అడిగితే నాకు తెలీదని నవ్వుతావని ఊరుకున్నా.”

“అది పూర్తికాని పనికి పూసే రంగురా, సన్నాసీ!”

“మరి ఇన్నాళ్లూ పూర్తిచెయ్యకుండా ఏం చేస్తున్నావు?”

ఇది తగలవలసిన చోట తగిలింది. మాస్టారు టీ గ్లాసు గోడకేసి కొట్టాడు. బామ్మర్ది వంగాడు కాబట్టి బతికాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, మాస్టారు కోపంలో కూడా గోడ మీద టీ ఎలా చిమ్మిందో ఒకసారి చూశాకే మళ్లీ అరవడం మొదలుపెట్టాడు.

లోకం ఊరుకోలేదు. సాయంత్రం లోపల వేల మంది యోధులు ఫోన్ల మీద లేచారు. “ఇది యుద్ధమా, పుట్టినరోజు కేకా?” అన్నాడొకడు. “మా చెల్లెలి లిప్‌స్టిక్ ఇంతకంటే భయంకరంగా ఉంటుంది” అన్నాడు ఇంకొకడు. నెత్తురు వేసినవాడి చేతులు నరకాలని ఒకరు ప్రతిపాదించారు, కాదు వేళ్లు చాలని ఒకరు సవరించారు, వేళ్లా చేతులా అన్న దాని మీద వాళ్లలో వాళ్లే ఒకరి తల ఒకరు పగలగొట్టుకుంటామని ప్రమాణాలు చేసుకున్నారు. అందరికంటే ఘనంగా తిట్టినవాడు తనకి తాను ‘ఉక్కుపిడికిలి’ అని పేరు పెట్టుకున్న ఒక జిమ్ కోచ్. మాటలతో తృప్తి కలగని మనిషి. రెండోరోజు పొద్దుట, వీధిలోంచి ఒక రాయి లేచి, కిటికీ అద్దం పగలగొట్టుకుని, టీ బల్ల మీదున్న కెటిల్‌ని చితక్కొట్టి, అక్కడి నుంచి ఎగిరి గోడలాయన నుదురు చీల్చింది. రాయికి ఒక కాగితం కట్టి ఉంది. దాని మీద ఎర్రసిరాతో ‘నెత్తురంటే ఇదీ’ అని రాసి, కింద ఉక్కుపిడికిలి అని సంతకం.

గోడలాయన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. కనుబొమ మీంచి ధారగా కారుతోంది. జనం గాజుపెంకుల మీద పరుగులు పెడుతున్నారు. మాస్టారు అందరికంటే ముందు చేరి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

“కదలకు... కదలకు... ఆ కనుబొమ దగ్గర చీలి రెండు పాయలవుతోంది, చూశావా? నేను ఒక్క పాయే వేశాను. అబ్బ!”

“సార్, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లండి సార్.”

“తీసుకెళ్తాం, తీసుకెళ్తాం. గెడ్డం దాకా రానీ.”

చెట్లక్క మాస్టారి చొక్కా పట్టి వెనక్కి ఈడ్చేస్తే గానీ గోడలాయన ఆటో ఎక్కలేదు. కుట్లు పడ్డాయి. ఆ రెండు పాయల జ్ఞానంతో మాస్టారు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఇన్నాళ్లూ కుదరని ఆరడం కుదిరింది. మెరుపు కుదిరింది, చిక్కదనం కుదిరింది. తల తెగితే చూస్తున్నవాడు తన మెడ తడుముకునేలా తయారైంది ఆ నెత్తురు.

ఈలోగా బయట ఒక విచిత్రం జరిగింది. మాస్టారు తలుపు వెనక ఉండి దాన్ని గమనించలేదు.

టీజర్ తరవాత చూపించడానికి ఆఫీసులో ఇంకేమీ లేదు. కాబట్టి జనం ఆ ఒక్కదాన్నే మళ్లీ మళ్లీ చూశారు. తిట్టడానికి చూశారు, తిట్టింది సరిపోయిందా అని చూశారు, పక్కవాడి చేత తిట్టించడానికి చూపించారు. అలా చూసి చూసి కంటికి అలవాటైపోయింది. ఎవరో ఒక సమీక్షకుడు, గళ్ల కండువా వేసుకుని వీడియోలో తాపీగా కూర్చుని, ఈ గులాబీ నెత్తురు హింస మీద ఒక చెంపపెట్టు అన్నాడు. ఇంకొకాయన కాదు, హింసలోని ఆనందానికి అద్దమన్నాడు. ఇద్దరి శిష్యులూ కొట్టుకున్నారు. గులాబీ గొప్పదేనన్న విషయంలో మాత్రం రెండు వర్గాలకీ పేచీ లేదు. మిగతా ఆటల్లోని ఎర్రనెత్తురు ఉన్నట్టుండి చవకబారుగా కనబడసాగింది. చేతులు నరకాలన్నవాడు తనకి మొదటిరోజే నచ్చిందని చెప్పుకున్నాడు. వేళ్లు చాలన్నవాడు గులాబీరంగు చొక్కాలు అచ్చేసి అమ్మాడు. ఉక్కుపిడికిలి అయితే తన జిమ్‌లో బాక్సింగ్ గ్లవ్స్ అన్నిటికీ గులాబీ పూయించి, వాటితో రోజుకొకడి పళ్లు రాలగొడుతూ ఫొటోలు పెట్టడం మొదలెట్టాడు.

తలుపు తెరుచుకుని మాస్టారు విజయగర్వంతో బయటికి వచ్చేసరికి బామ్మర్ది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“బావా, జనం మారిపోయారు. గులాబీయే కావాలంటున్నారు.”

“జనం మారితే నెత్తురు మారుతుందా?”

“మారిస్తే ఏం పోయింది బావా? పరుపుల షాపులో కూడా అంతే. మొదట ఏ పరుపు మీద పడుకోబెడితే దాన్నే మెత్తదనం అంటాడు మనిషి. తరవాత దూదిమబ్బు మీద పడుకోబెట్టినా నడుం నొప్పంటాడు.”

“నా జీవితమంతా పోసినదాన్ని పరుపుతో పోలుస్తావురా?”

మేడమ్ ఇద్దరినీ లోపలికి పిలిచింది. గులాబీనే ఉంచేద్దామని ఆవిడకీ ఉంది. “తిట్టించుకుని సంపాదించుకున్న రంగు మాస్టారూ. మళ్లీ మొదటి నుంచి తిట్టించుకునే ఓపిక నాకు లేదు,” అంది మెల్లగా.

“ఒక్కసారి చూపించనివ్వండి మేడమ్. మనుషుల ముందు, పెద్ద తెర మీద. ఒక్క తల తెగితే చాలు. చూశాక కూడా గులాబీయే కావాలంటే నేను నోరెత్తను. నా ఎరుపుని నా చేత్తోనే చెరిపేస్తా.”

మేడమ్ ఆ మాటని పట్టుకుంది. “మీ చేత్తోనే,” అంది.

ప్రదర్శన రోజుకి అద్దెకి తీసుకున్న హాలు నిండింది. సగానికి పైగా గులాబీ చొక్కాలు. ముందు వరసలో ఉక్కుపిడికిలి, రెండు చేతులకీ గులాబీ గ్లవ్స్ తొడుక్కుని, గుమ్మం ముందు కాపలా సింహంలా కూర్చున్నాడు. గోడలాయన నుదుటి కుట్ల మీద పట్టీతో చివరి వరసలో, తలుపుకి దగ్గరగా, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య ల్యాబ్ నుంచి తిన్నగా వచ్చి, భుజాన సంచీతో ఒక పక్కన నిలబడింది. మాస్టారు ఆ రోజుకోసం కొన్న తెల్లచొక్కా వేసుకుని వేదిక ఎక్కాడు.

తెర మీద సేనాధిపతి వచ్చాడు. గొడ్డలి లేచింది. దిగింది. మెడ తెగింది. ధార మెరుస్తూ లేచి, గాల్లో చుక్కలుగా విరిగి, ప్రతి చుక్కా తన దారిన తను పోయి, రాతిగోడ మీద చిట్లి, రెండు పాయలై కిందికి జారింది. చూస్తుండగా అంచులు నల్లబడ్డాయి. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఆయన తన జీవితంలోకెల్లా గొప్ప చప్పట్లుగా లెక్కగట్టాడు.

“ఇదేంటి, బురదా?” అంది ఎవరిదో గొంతు.

“మన నెత్తురేదీ?” అన్నాడు ఇంకొకడు.

“మన నెత్తురు! మన నెత్తురు!” అని హాలంతా కుర్చీలు బాదడం మొదలైంది.

“నెత్తురు ఇలాగే ఉంటుంది!” అని మైకులో అరిచాడు మాస్టారు. “మీరు చూసింది నెత్తురు కాదు, పూర్తికాని పని మీద పూసిన గుర్తు! పొరపాటున బయటికొచ్చింది!”

కొందరికి కొన్ని సంగతులు చెప్పకూడదు. తాము ఇన్నాళ్లు పూజించింది ఒక పొరపాటని విన్నాక జనం రెండు ముక్కలయ్యారు. నమ్మినవాళ్లు నమ్మనివాళ్లని కొట్టారు. కుర్చీ ఒకటి తెరని చీల్చుకుంటూ పోయింది. ‘చెంపపెట్టు’ సమీక్షకుడి కండువా పట్టుకుని ‘అద్దం’ సమీక్షకుడి శిష్యుడు వరసల మధ్య ఈడ్చుకుపోయాడు. ఒకావిడ చెప్పు తీసి అందినవాడినల్లా వాయించింది, ఆవిడ ఏ పక్షమో చివరిదాకా తెలియలేదు. గోడలాయన హెల్మెట్ పెట్టుకుని తలుపులోంచి వెళ్లిపోయాడు. బామ్మర్ది మేడమ్‌ని బల్ల కిందికి తోసి, పైన తను అడ్డంగా పడుకున్నాడు. పరుపుల అనుభవం అక్కడ కలిసొచ్చింది.

ఉక్కుపిడికిలి వేదిక ఎక్కాడు.

“నువ్వేనా నెత్తురోడివి?”

“నేనే. రాయి నీదేనా?”

“నాదే. అప్పుడు గులాబీ పెట్టావని వేశా.”

“మరి ఇప్పుడు తీసేశానుగా!”

“అందుకే వచ్చా. నెత్తురు ఇలా ఉంటుందని నీకెవడు చెప్పాడు? నువ్వు చూశావా?”

“మా ఆవిడ రోజూ తీస్తుంది!”

ఈ జవాబులోని శాస్త్రీయత ఉక్కుపిడికిలికి అందలేదు. గులాబీ గ్లవ్ మాస్టారి ముక్కు మధ్యలో దిగింది. ‘టక్’ మన్న చప్పుడు మైకులోంచి హాలంతా వినబడింది. మాస్టారు వెనక్కి పడి, లేచి, తెల్లచొక్కా చూసుకున్నాడు. ముక్కు నుంచి చొక్కా మీదికి ధార దిగుతోంది. ఆయన ముఖం వెలిగిపోయింది. చొక్కా అంచులు రెండు చేతులతో పట్టుకుని చాపి, వేదిక అంచుకి వచ్చి నిలబడ్డాడు.

“చూడండి! ఇప్పుడు చూడండి! పాయలు చూడండి! ఇదీ నెత్తురు!”

ముందు వరసలో వాళ్లు కొట్టుకోవడం ఆపి, పైకి చూశారు. ఉక్కుపిడికిలి దగ్గరికి వంగి, చొక్కాని నిదానంగా, న్యాయంగా పరిశీలించాడు.

“ఇదీ అలాగే ఉంది,” అన్నాడు పెదవి విరిచి. “అస్సలు బాలేదు.”

ఆ మాట మీద యుద్ధం ముగిసింది. నిజం నెత్తురు కూడా బాలేదని తేలాక వాదించడానికి ఏమీ మిగలలేదు. జనం విరిగిన కుర్చీల మధ్య నుంచి చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచారు. భార్య వేదిక ఎక్కి, సంచీలోంచి దూది తీసి, ఆయన ముక్కు రెండు వేళ్లతో గట్టిగా నొక్కిపట్టింది.

“తల వెనక్కి వాల్చకండి. ముందుకి వంగండి.”

“ఏ రంగులో ఉందే?” అన్నాడు ఆయన ముక్కుతో.

“ఎర్రగా ఉందండీ.”

“ఎలాంటి ఎరుపు?”

“మీరు వేసిందే.”

మాస్టారు ఏడ్చాడు. ముక్కు విరిగినందుకని అందరూ అనుకున్నారు.

మర్నాడు ముక్కు మీద ఇంతలావు పట్టీతో ఆఫీసుకి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మాట ఇచ్చాడు, చెరపాలి. వేలు మీట మీద పెట్టాడు. ఆ వేలిని బామ్మర్ది పట్టుకున్నాడు. కింద టైర్ల షాపులో ఏదో ట్యూబు పేలింది, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు, వేలు మాత్రం వదల్లేదు.

“వదలరా. మేడమ్‌కి మాటిచ్చా.”

“మేడమ్, ఒక్కమాట,” అన్నాడు వాడు వెనక్కి తిరిగి. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. “తప్పు నాది. దానికి బావ ముక్కు విరిగింది చాలు, నెత్తురు కూడా పోనక్కర్లేదు. పరుపుల షాపులో మేము మెత్తది కావాలా, గట్టిది కావాలా అని అడిగేవాళ్లం. కొట్టుకోండని అనేవాళ్లం కాదు. ఆటలో కూడా అడుగుదాం. గులాబీ కావాలన్నవాడికి గులాబీ, ఎరుపు కావాలన్నవాడికి ఎరుపు.”

మేడమ్ ఆలోచించింది. “అసలు వద్దన్నవాళ్లకి?”

“వాళ్లకి ‘వద్దు’ అని మూడోది పెడదాం. పోయేదేముంది?”

అలా ఆ ఆటలో నెత్తుటికి మూడు మీటలు వచ్చాయి. వరసలో ముందు ఏది ఉండాలన్న దాని మీద ఇంకో చిన్న యుద్ధం జరిగి, ఒక కీబోర్డు విరిగి, చివరికి ఎరుపు రెండోస్థానంతో సరిపెట్టుకుంది. మాస్టారు దానికే పొంగిపోయాడు. ఉంది, అంతే చాలు. ఎవరు నొక్కుతారో వాళ్లు చూస్తారు.

ఆట విడుదలైంది. జనం ఎగబడి కొన్నారు, ఎగబడి నరికారు. నెత్తుటి విషయంలో ఎవరు ఏ మీట నొక్కారో ఆఫీసుకి తెలుస్తుంది. ఆ కబురు కోసం మాస్టారు ఎదురుచూసినంతగా తన పెళ్లికి కూడా చూడలేదని భార్య అనేది. ఒక మధ్యాహ్నం బామ్మర్ది వచ్చి ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు.

“బావా, తెలిసింది.”

“ఎరుపెంతమంది?”

“కూర్చో బావా.”

“కూర్చునే ఉన్నాను కదరా. గులాబీయేనా? చెప్పెయ్. తట్టుకుంటా.”

“గులాబీ కూడా కాదు. దాదాపు అందరూ ‘వద్దు’ నొక్కారు. ఏ రంగైనా సరే, నెత్తురుంటే ఫోన్ కాలిపోతోందట. ఉక్కుపిడికిలి కూడా ‘వద్దు’కే మారాడట. గ్లవ్స్‌తో ఎలా పట్టుకున్నాడో గానీ, అరచెయ్యి బొబ్బెక్కిందని రాశాడు.”

మాస్టారు గోడ మీద ఎండిన టీ మరక వైపు చూస్తూ కూర్చున్నాడు. తరవాత జేబులోంచి ఫోన్ తీసి, ఎప్పటిలాగే కోటగుమ్మం దగ్గర ఆపిన ఆట మళ్లీ మొదలెట్టి, కాపలావాడి తల నరికాడు. తల శుభ్రంగా కింద పడింది. ఆయనది పాత ఫోన్. విడుదలైన రోజు నుంచీ ఆయన కూడా ‘వద్దు’ నొక్కే ఆడుతున్నాడు.